అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు



“ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” - ఈ మాట మీరెన్నిసార్లు చదివి ఉంటారు? ఇంట్లో బిల్లుల కట్ట ఉంటే ఒకసారి విప్పి చూడండి. చీరల కొట్టు బిల్లు కానివ్వండి, స్టీలు సామాన్ల షాపుది కానివ్వండి, అడుగున సన్నక్షరాలతో ఈ మాట అచ్చయి ఉంటుంది. కొన్ని షాపుల్లో గల్లాపెట్టె వెనకాల లక్ష్మీదేవి పటం పక్కనే బోర్డు రాయించి వేలాడదీస్తారు. చదివి చదివి మనం కూడా అదేదో ప్రభుత్వంవారి శాసనం కాబోలుననే అనుకుంటాం. ఒక్క ఉతుకుకే రంగు దిగిన జాకెట్టు గుడ్డనో, నెల తిరక్కుండా మూలపడ్డ మిక్సీనో పట్టుకుని మళ్ళీ ఆ షాపు మెట్లెక్కాలంటే, తప్పు మనమే చేసినట్టు సంకోచం. “చూసుకుని కొనుక్కోవాలమ్మా” అంటాడు షాపాయన. ఉస్సురుమంటూ ఇంటికొస్తే ఇంట్లోవాళ్ళదీ అదే మాట.

ఈ “చూసుకుని కొనుక్కోవాలి” అన్న మాటకు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. దానికి ఎదురు నిలిచిన మాటకూ చరిత్ర ఉంది. ఆ రెండో చరిత్రలో మనలాంటి ఆడవాళ్ళు కొందరు కనిపిస్తారు. చేతి నుంచి డబ్బు ఇచ్చి కొన్నవాళ్ళు కొందరైతే, తాము ఒక్క కానీ ఇవ్వకుండా, బిల్లులో పేరైనా లేకుండా, వస్తువును వాడినందుకే దెబ్బతిన్నవాళ్ళు మరికొందరు. అలాంటివాళ్ళకు న్యాయం ఏ దారిన వచ్చిందో ఇవాళ మీతో చెప్పాలని నా ఉద్దేశం. మన ఇళ్ళల్లో చాలా వస్తువుల బిల్లు ఒకరి పేర ఉంటుంది, వాడకం మరొకరిది. అంచేత ఈ సంగతి మనకు అక్కరకొచ్చేదే.

మన పూర్వులకు ఈ ఆలోచన లేదనుకోకండి. కౌటిల్యుని అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి 1905లో మైసూరులో వెలుగులోకి వచ్చింది. ఆర్. శామశాస్త్రిగారు దానిని 1909లో అచ్చు వేయించారు. వర్తకుల బారినుంచి జనాన్ని కాపాడడమెలా అని అందులో ఒక అధ్యాయమే ఉంది. తూనికరాళ్ళూ కొలపాత్రలూ తనిఖీ చేయడానికి పౌతవాధ్యక్షుడని ఒక అధికారిని పెట్టారు. నాసిరకం కలపనో, ఇనుమునో, తోలునో, ఉన్నిబట్టనో మేలురకమని చెప్పి అమ్మితే, ధరకు ఎనిమిది రెట్లు జరిమానా అన్నారు.

నారద స్మృతిలోనైతే కొన్న సరుకును తిరిగి ఇచ్చే పద్ధతిని విడిగా చెప్పారు. బేరం బాగాలేదనిపిస్తే అదే రోజున, చెడగొట్టకుండా, సరుకు వాపసు ఇవ్వవచ్చు. మర్నాడు ఇస్తే ధరలో ముప్ఫయ్యో వంతు వదులుకోవాలి. మూడోనాడు ఇస్తే దానికి రెట్టింపు వదులుకోవాలి. ఆపైన ఇక ఆ సరుకు కొన్నవాడిదే. పరీక్షించి చూసుకోవడానికి కూడా గడువులు పెట్టారు. పాడిపశువుకు 3 రోజులు, బరువు మోసే పశువుకు 5 రోజులు, రత్నాలకూ ముత్యాలకూ 7, విత్తనాలకు 10, ఇనుముకూ బట్టకూ ఒక్క రోజు. విత్తనాలకు పదిరోజులెందుకో రైతు ఇంట పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. మొలకెత్తితేగాని గట్టిగింజో తాలుగింజో తెలియదు కదా! మంచి సరుకు చూపించి చెడ్డది అంటగట్టినవాడు కొన్నవాడికి రెట్టింపు ధర ఇచ్చుకుని, అంత సొమ్మూ మళ్ళీ జరిమానాగా కట్టాలన్నారు.

ఎంత బాగుందో అని మురిసిపోయేముందు ఆ జాబితా చివరిదాకా చదవాలి. పశువులూ, రత్నాలూ, విత్తనాలతోపాటు మనుషులకు కూడా గడువు రాసి ఉంది. మగవాణ్ణి కొంటే పరీక్షకు అర్ధమాసం, ఆడదాన్ని కొంటే నెల. అంటే, ఆ జాబితాలో ఆడది కొనేవాళ్ళ పక్కన లేదు, అమ్ముడుపోయే సరుకుల పక్కన ఉంది. మనం బయలుదేరింది అక్కణ్ణించి. ఈ సంగతి మనసులో పెట్టుకుని ముందుకు పదండి.

ఇప్పుడు ఇంగ్లండు వెళ్ళాలి. ఎందుకంటే మన కోర్టుల్లో నడిచిన అమ్మకాల చట్టం అక్కణ్ణించి వచ్చిందే. 1603లో అక్కడ ఒక వ్యాజ్యం జరిగింది. ఒక కంసాలి ఒక రాయిని చూపించి, ఇది బెజోర్ రాయి అని 100 పౌండ్లకు అమ్మాడు. బెజోర్ అంటే పశువుల పొట్టలో తయారయ్యే రాయి, మన గోరోచనం లాంటిది. విషానికి విరుగుడని ఆ రోజుల్లో దానికి గొప్ప గిరాకీ. తీరా కొన్నాక అది అసలుది కాదని తేలింది. కొన్నాయన కోర్టుకెక్కాడు. న్యాయమూర్తులు ఏమన్నారో తెలుసా? అమ్మినవాడు “ఇది బెజోర్ రాయి” అన్నాడేగాని, “నాదీ పూచీ” అనలేదు, కనుక దావా చెల్లదన్నారు. కొనేవాడే జాగ్రత్తపడాలి అనే అర్థంవచ్చే లాటిన్ సూత్రం ఒకటి ఉంది. ఆ సూత్రానికి అలా బలం చేకూరింది.

ఆ చెట్టు అంటే మన గడ్డమీదా నాటారు. 1872లో వచ్చిన కాంట్రాక్టు చట్టంలో సరుకుల అమ్మకం గురించి ఒక భాగం ఉండేది. దానిని విడదీసి 1930లో సరుకుల విక్రయ చట్టం చేశారు. ఆ చట్టం మనకు మేలు చేయలేదనను. ఏ పనికోసం కొంటున్నామో షాపువాడికి చెప్పి, అతని అనుభవం మీద నమ్మకంతో కొంటే, సరుకు ఆ పనికి పనికొచ్చేదిగా ఉండాలని అందులో రాశారు. అయితే చూసి కొన్న సరుకులో, చూస్తే తెలిసే లోపం ఉంటే, దానికి అమ్మినవాడి పూచీ లేదు. పైగా ఈ హక్కంతా కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్యనే. మూడో మనిషికి అందులో చోటు లేదు.

అసలు “చూసుకుని కొనుక్కో” అన్న మాటలో ఒకప్పుడు న్యాయం లేకపోలేదు. కుండ కొంటే వేలితో కొట్టి చప్పుడు వింటాం. బియ్యపుగింజ పంటికింద కొరికి చూస్తాం. నెయ్యి ముంజేతి మీద రాసి వాసన చూస్తాం. చింతపండు కాస్త నోట్లో వేసుకుంటాం. కుమ్మరీ, గానుగాయనా మన ఊరివాళ్ళే. కుండ చెమరిస్తే మర్నాడు పొద్దున్నే వాళ్ళ గుమ్మంలో నిలబడి అడగవచ్చు. కాని సీలు వేసిన డబ్బా వచ్చాక ఏం చూస్తాం? మూతపెట్టిన సీసాలో ఏముందో ఎలా కొరికి చూస్తాం? ప్రెషర్ కుక్కర్ సేఫ్టీ వాల్వు సరిగ్గా ఉందో లేదో వేలితో కొడితే తెలుస్తుందా? చేసినవాడెక్కడో, మనమెక్కడో. వస్తువు మారింది, సంత మారింది, సూత్రం మాత్రం మారలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ సూత్రాన్ని కదిలించినవాళ్ళలో మొదట చెప్పుకోవలసినావిడ లూయీసా కార్లిల్. 1891లో ఇంగ్లండులో ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలు చెలరేగి ఉన్నాయి. ఒక కంపెనీవారు కార్బాలిక్ స్మోక్ బాల్ అని ఒక రబ్బరుబంతి తయారుచేశారు. దానిలో కార్బాలిక్ పొడి ఉంటుంది, గొట్టం ముక్కులో పెట్టుకుని బంతి నొక్కితే పొగలా వస్తుంది. రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు వాడిన తరవాత కూడా జ్వరం వస్తే 100 పౌండ్లు ఇస్తామని పత్రికల్లో ప్రకటించారు. అందుకు నిదర్శనంగా బ్యాంకులో 1000 పౌండ్లు వేసి ఉంచామనీ రాశారు. కార్లిల్ అమ్మగారు ఆ బంతి కొని, చెప్పినట్టే దాదాపు రెండు నెలలు వాడారు. 1892 జనవరిలో జ్వరం వచ్చింది. డబ్బు అడిగితే కంపెనీవారు, ప్రకటన అన్నాక కాస్త గొప్పలు చెప్పుకోవడం ఉంటుంది, దాన్ని పట్టుకుని ఎవరైనా డబ్బు అడుగుతారా అన్నారు. ఆవిడ వదల్లేదు. 1892 డిసెంబరులో అప్పీలు కోర్టు ఆవిడ పక్షాన తీర్పు చెప్పింది. బ్యాంకులో డబ్బు వేశామని చెప్పినవాళ్ళు వేళాకోళానికి అన్నామనడానికి వీల్లేదనీ, లోకానికంతటికీ ఇచ్చిన మాట కూడా మాటేననీ తేల్చింది. ఇవాళ టీవీలో ఆరువారాల్లో తెల్లబడతారనే ప్రకటన చూసినప్పుడు నాకు ఈవిడే గుర్తొస్తారు.

కార్లిల్‌గారు తానే కొన్నారు. కొనకుండానే దెబ్బతిన్న మనిషి మాటేమిటి? దానికి సమాధానం స్కాట్లండులో ఒక చిన్న హోటల్లో దొరికింది. 1928 ఆగస్టు 26, ఆదివారం రాత్రి. పైస్లీ అనే ఊళ్ళో వెల్‌మెడో కాఫీ హోటలు. మే డొనోహ్యూ అనే ఆవిడ స్నేహితురాలితో కలిసి అక్కడికి వెళ్ళింది. ఈవిడ షాపులో పనిచేసుకుని బతికే మనిషి. స్నేహితురాలే డబ్బిచ్చి ఈవిడకోసం ఐస్‌క్రీమూ జింజర్ బీరూ తెప్పించింది. పేరులో బీరున్నా అది అల్లంతో చేసిన పానీయమే, మన సోడా లాంటిది. సీసా నల్లటిది, లోపల ఏముందో బయటికి కనబడదు. కొంత తాగాక మిగిలింది గ్లాసులో వంపితే, కుళ్ళిన నత్త బయటపడిందని ఆవిడ ఫిర్యాదు. కడుపులో తిప్పి జబ్బుపడింది, ఆస్పత్రిలో వైద్యం చేయించుకోవలసి వచ్చింది.

ఇప్పుడు ఆవిడ ఎవరిని అడగాలి? హోటలువాడిని అడుగుదామంటే, బేరం ఆడింది స్నేహితురాలు, ఈవిడ కాదు. పైగా సీలు వేసిన సీసా, అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది? తయారుచేసిన స్టీవెన్‌సన్‌ను అడుగుదామంటే అతనికీ ఈవిడకూ ఏ ఒప్పందమూ లేదు. అంతకు కొద్దికాలం ముందే సీసాలో ఎలుక వచ్చిందని వేసిన దావాలు ఓడిపోయాయి కూడాను. ఆ దావాలు నడిపిన లాయరే ఈవిడ కేసు చేపట్టాడు, వాల్టర్ లీచ్‌మన్ అని. పై కోర్టుకు వెళ్ళేసరికి ఖర్చులకు పూచీ పడే శక్తి లేక, నేను నిరుపేదనని ప్రకటించుకుని ఆవిడ అప్పీలు నడిపింది. చేతిలో చిల్లిగవ్వ లేని మనిషి ప్రభువుల సభ దాకా వెళ్ళిందంటే ఎంత పట్టుదలో చూడండి!

1932 మే 26న తీర్పు వచ్చింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఆవిడవైపు, ఇద్దరు ఎదురు. ముగ్గురిలో లార్డ్ ఆట్కిన్ అనే ఆయన బైబిల్లోని పొరుగువాడి కథను ఆధారం చేసుకున్నారు. నేను అజాగ్రత్తగా ఉంటే ఎవరికి హాని కలుగుతుందో ముందుగా తోచాలో, వాళ్ళంతా నా పొరుగువాళ్ళే, వాళ్ళపట్ల జాగ్రత్త వహించడం నా విధి అని ఆయన వాదన సారం. అంటే సీసా నింపేవాడికి, ఆ సీసా తాగబోయే ముక్కూమొహం తెలియని మనిషి కూడా పొరుగింటి మనిషే. డబ్బెవరిచ్చారన్నది అనవసరం. తరవాత స్టీవెన్‌సన్ చనిపోవడంతో అతని వారసులు 200 పౌండ్లకు రాజీ చేసుకున్నారని చెబుతారు. అందుచేత నత్త నిజంగా సీసాలో ఉందా అన్నది ఏ కోర్టులోనూ రుజువు కానే లేదు. అయితేనేం, ఈ తీర్పు మన దేశంతో సహా ఎన్నో దేశాల కోర్టుల్లో దారి చూపింది.

ఇక్కడో మెలిక మిగిలిపోయింది. తయారీదారు అజాగ్రత్తగా ఉన్నాడని బాధితురాలే రుజువు చేయాలి. ఫ్యాక్టరీలో ఏం జరిగిందో వంటింట్లో ఉన్న మనకెలా తెలుస్తుంది? అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, గ్లాడిస్ ఎస్కోలా అనే హోటలు పనమ్మాయి కోకాకోలా సీసా ఫ్రిజ్‌లో సర్దుతుంటే చేతిలోనే పగిలి, చెయ్యి లోతుగా తెగింది. ఆమె ఆ సీసా కొననూ లేదు, తాగనూ లేదు. 1944లో కోర్టు ఆమెకే న్యాయం చేసింది. జడ్జీల్లో ఒకరైన రోజర్ ట్రేనర్ ఒక అడుగు ముందుకేసి, అజాగ్రత్త రుజువైనా కాకపోయినా, లోపమున్న వస్తువును జనంలోకి వదిలినవాడే నష్టం భరించాలని విడిగా రాశారు. ఆ నష్టం ఒక్క మనిషి మీద పడితే కూలిపోతుంది, కంపెనీ అయితే దానిని ఖర్చుల్లో ఒకటిగా సర్దుకోగలదు అని ఆయన వాదం. 1963 నాటికి అదే అక్కడి కోర్టు నిర్ణయమైంది.

ఈలోగా 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనెడీ తమ చట్టసభకు పంపిన సందేశంలో కొనేవాళ్ళకు నాలుగు హక్కులున్నాయని చెప్పారు. ప్రమాదంలేని సరుకు పొందడం, నిజం తెలుసుకోవడం, నచ్చింది ఎంచుకోవడం, మన గోడు వినిపించుకోవడం. అందుకే 1983 నుంచి మార్చి 15ను ప్రపంచ వినియోగదారుల దినంగా జరుపుతున్నారు.

మరి మన దేశంలో ఏం జరుగుతోందంటారా? చట్టాలకు కొదవ లేదు. 1937లో ఆగ్‌మార్కు చట్టం వచ్చింది. 1947లో ఐ.ఎస్.ఐ. సంస్థ ఏర్పడింది. 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం చేశారు. 1958 అక్టోబరు నుంచి వీశెలూ సేర్లూ పోయి కిలోలు రావడం మొదలైంది. ఇవన్నీ మంచివే. కాని వీటిలో ఒక వెలితి ఉంది. కారంలో ఇటికపొడి కలిపినవాణ్ణి పట్టుకుంటే జైలో, జరిమానాయో వేస్తారు. జరిమానా ప్రభుత్వానికి పోతుంది. ఆ కారం కొన్న ఇల్లాలి డబ్బు మాత్రం ఆవిడకు తిరిగి రాదు. నారదుడు రాజుకు జరిమానా కట్టించినా, కొన్నవాడికి రెట్టింపు ఇప్పించాడు, గుర్తుందా? మన కొత్త చట్టాల్లో ఆ రెండో సగం జారిపోయింది. సివిలు కోర్టుకు వెళ్ళమంటే స్టాంపులూ, ప్లీడరు ఫీజూ, వాయిదాలూ. మూడొందల రూపాయల కుక్కరుకోసం మూడేళ్ళు కోర్టు చుట్టూ తిరిగేదెవరు?

ఆ వెలితిని ముందుగా పసిగట్టినవాళ్ళు గృహిణులే. 1966లో బొంబాయిలో తొమ్మిదిమంది గృహిణులు కలిసి కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే సంఘం పెట్టుకున్నారు. తూకాలు, కల్తీలు, నాసిరకం వస్తువుల మీద వచ్చే ఫిర్యాదులు విని, కంపెనీలతో ఉత్తరాలు నడపడం వాళ్ళ పని. తరవాత వస్తువులను పరీక్ష చేయించి ఫలితాలు ప్రకటించడం మొదలుపెట్టారు. 1972, 73 సంవత్సరాల్లో ధరలు మండిపోయినప్పుడు అదే బొంబాయిలో మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ మొదలైనవారి నాయకత్వాన వేలాది ఆడవాళ్ళు పళ్ళాలు మోగిస్తూ, చపాతీ కర్రలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. 1975లో వచ్చిన ముంబయి గ్రాహక్ పంచాయత్‌వారు ఇరుగుపొరుగు కుటుంబాలను కూడగట్టి, నెల సరుకులు టోకున తెచ్చి పంచుకునే ఏర్పాటు చేశారు. 1978లో అహమదాబాదులో మనూభాయి షా గారు వినియోగదారుల విద్యకూ పరిశోధనకూ ఒక కేంద్రం నెలకొల్పి, పెద్ద పెద్ద సంస్థల మీదే వ్యాజ్యాలు నడిపారు. 1985 ఏప్రిల్లో ఐక్యరాజ్యసమితి కూడా వినియోగదారుల రక్షణకు మార్గసూత్రాలు ఆమోదించింది.

ఆ మరుసటి ఏడు, 1986 డిసెంబరు 24న, వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. ఏటా ఆ తేదీని జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకుంటున్నాం. జిల్లాకొక ఫోరం, రాష్ట్రానికొక కమిషన్, ఢిల్లీలో జాతీయ కమిషన్ వచ్చాయి. ప్లీడరు లేకుండా మన గోడు మనమే చెప్పుకోవచ్చు. ఇంకో సంగతి వింటే మీకు సంతోషం కలుగుతుంది. జిల్లా ఫోరంలో జడ్జిగారితోపాటు కూర్చునే సభ్యుల్లో ఒకరు సంఘసేవ చేసే స్త్రీ అయి ఉండాలని ఆ చట్టంలోనే రాశారు. కుక్కరు గాస్కెట్టు సంగతి చెప్పుకుంటే అర్థంచేసుకునే మనిషి ఒకరైనా ఆ బల్ల వెనక ఉండాలని కాబోలు!

వీటన్నిటికంటే నాకు విలువైనదిగా తోచేది వినియోగదారు అంటే ఎవరు అని ఆ చట్టం చెప్పిన అర్థం. డబ్బిచ్చి కొన్నవారు మాత్రమే కాదు, కొన్నవారి సమ్మతితో ఆ వస్తువును వాడేవారు కూడా వినియోగదారులే అన్నారు. చూశారా, ఇది పైస్లీ హోటల్లో డొనోహ్యూ అడిగిన ప్రశ్నకు మన పార్లమెంటు ఇచ్చిన జవాబు. గ్రైండరు బిల్లు మీ వారి పేర ఉండనివ్వండి, ఫ్రిజ్ మీ పుట్టింటివారు కొనిపెట్టి ఉండనివ్వండి, ఫోను మీ అబ్బాయి అమెరికా నుంచి డబ్బుకట్టి ఇక్కడి షాపునుంచి పంపించి ఉండనివ్వండి. వాడేది మీరైతే అడిగే హక్కు మీకుంది. ఒకప్పుడు సరుకుల జాబితాలో ఉన్న ఆడది, సంపాదన లేకపోయినా, బిల్లులో పేరు లేకపోయినా, ఇవాళ కమిషన్ ముందు వాదిగా నిలబడవచ్చు.

మా వీధిలో ఒకావిడకు ఇది అనుభవంలోకి వచ్చింది. కొడుకు కొనిచ్చిన వెట్ గ్రైండరు రెండు నెలలకే మోటారు కాలి ఆగిపోయింది. షాపుకు వెళితే “బిల్లు ఎవరి పేర ఉందో ఆయన్ను రమ్మనండి” అన్నారట. కొడుకేమో పూనాలో ఉద్యోగం. ఆవిడ పదో క్లాసు చదివిన మనిషి. చట్టంలోని ఈ మాటనే తెలుగులో రాసి, బిల్లూ వారంటీ కార్డూ నకళ్ళు జతచేసి, షాపుకొకటీ కంపెనీకొకటీ రిజిస్టరు పోస్టులో పంపింది. కమిషన్ దాకా పోనవసరం లేకుండానే మనిషి వచ్చి కొత్త మోటారు బిగించి వెళ్ళాడు. అడగందే అమ్మైనా పెట్టదని ఊరికే అన్నారా?

ఆ 1986 చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. ఫోరాన్ని ఇప్పుడు జిల్లా కమిషన్ అంటున్నారు. వాడేవారు కూడా వినియోగదారులే అన్న మాట అలాగే ఉంది. కొత్తగా వచ్చినవాటిలో మనకు ముఖ్యమైనవి చెబుతాను.

వస్తువు లోపంవల్ల ఒంటికో ఇంటికో హాని జరిగితే తయారుచేసినవారు పరిహారం ఇచ్చుకోవాలని ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చారు. వస్తువుకు ఫలానా గుణం ఉందని గట్టిగా హామీ ఇచ్చి, అది నిజం కాకపోతే, “మేం అజాగ్రత్తగా లేమండీ” అని తయారీదారు నిరూపించుకున్నా తప్పించుకోలేడు. ట్రేనరుగారి ఆలోచన ఇంతదూరం వచ్చింది. బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అన్నారు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వాపసు తీసుకోననడం కూడా అక్రమమే. కాబట్టి, లోపమున్న సరుకు విషయంలో ఆ గల్లాపెట్టె వెనక బోర్డుకు విలువ లేదు. మనసు మారిందని, రంగు నచ్చలేదని ఇవ్వబోతే మాత్రం అది షాపువారి ఇష్టం. ఆ తేడా మనమూ పాటించాలి.

పూర్వం షాపో కంపెనీయో ఉన్నచోట, లేదా వ్యవహారం జరిగినచోట ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఇప్పుడు మనం కాపురమున్న జిల్లాలోనే చేయవచ్చు. కొన్న వస్తువు ధర 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. చిక్కు తలెత్తిన నాటినుంచి రెండేళ్ళలోగా ఫిర్యాదు పడాలి. అవతలివారికి నోటీసు అందాక మూడు నెలల్లో, వస్తువును లాబొరేటరీలో పరీక్షించవలసివస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం. ఆచరణలో అంతకంటె ఎక్కువ పట్టడం మామూలే, ఓపిక పట్టాలి. ఇంకొక సంగతి. తిరిగి అమ్ముకోవడానికో, వ్యాపారానికో కొన్న సరుకుకు ఈ చట్టం వర్తించదు. అయితే తన పొట్టపోసుకోవడానికి తానే కుట్టుకునే ఆవిడ మిషను కొంటే అది వ్యాపారం కింద లెక్కకు రాదు. కుట్టుపని చేసుకునే అక్కచెల్లెళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక మనం చేయవలసిన పనులు. బిల్లు అడిగి తీసుకోండి, పదిరూపాయలు తగ్గిస్తామంటే ఆశపడి వదలకండి. వారంటీ కార్డు మీద తేదీ వేయించి, షాపు ముద్ర కొట్టించండి. వస్తువు పాడైతే విసుగుపుట్టి పారేయవద్దు, వీధి చివర మెకానిక్కు చేత విప్పించవద్దు. అదే మీ సాక్ష్యం. ముందు షాపుకూ కంపెనీకీ రాతపూర్వకంగా తెలియజేయండి, నకలు దగ్గరుంచుకోండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 1915. అక్కడా తెమలకపోతే జిల్లా కమిషన్. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏమైంది, ఎవరికి చెప్పారు, వాళ్ళేమన్నారు - ఇవి వరసగా రాస్తే అదే ఫిర్యాదు. లోపం సరిచేయమనో, కొత్తది ఇమ్మనో, డబ్బు వాపసు చేయమనో, జరిగిన నష్టానికి పరిహారం ఇప్పించమనో అడగవచ్చు.

వర్తకులంతా మోసగాళ్ళని నా భావం కాదు సుమండీ. నాలుగు తరాలుగా ఒకే కొట్లో సరుకులు తెచ్చుకునే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నట్టు, నిదానంగా చెబితే సరిచేసే షాపులే ఎక్కువ. మంచి వర్తకుడికి మన హక్కువల్ల వచ్చే నష్టమూ లేదు. నష్టమల్లా మనం నోరు మెదపమన్న ధీమాతో సరుకు అంటగట్టేవాడికే.

ఈ వారం ఒక పని చేయండి. మీరు రోజూ వాడే గ్రైండరు, కుక్కరు, ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె - వీటి బిల్లులూ వారంటీ కార్డులూ ఎక్కడున్నాయో వెతికి ఒక్క కవరులో పెట్టండి. ఆ కవరు మీవారి బీరువాలో కాకుండా మీ చేతికందేచోట ఉంచండి. బిల్లు మీద పేరెవరిదని మాత్రం చూసుకోనక్కరలేదు.